మా క్లినిక్ రికార్డు ఎవరికి పనికిరావాలి?

జాతీయ ఆరోగ్య ప్రాధికార సంస్థ ముఖ్య కార్యనిర్వహణాధికారి గారికి,



నేను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో చాలా ఏళ్లుగా క్లినిక్ నడుపుతున్న కుటుంబ వైద్యుణ్ణి. ఢిల్లీకి రాసే ఉత్తరం తెలుగులో ఎందుకని మీ కార్యాలయంలో ఎవరైనా అడగొచ్చు. మీరు కంప్యూటర్లోకి ఎక్కించమంటున్న వివరాలు నావి కావు. నా దగ్గరికొచ్చే జీడితోటల కూలీలవి, కొబ్బరి రైతులవి, మత్స్యకారులవి. వాళ్ల ఒంటి సంగతుల గురించి మనం ఏం మాట్లాడుకుంటున్నామో వాళ్లు కూడా చదవగలగాలి.

ఎలక్ట్రానిక్ రికార్డులు వద్దని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. అవి కావాలి. మా ప్రాంతానికి మరీ కావాలి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కూల్చిందో మీకు తెలిసే ఉంటుంది. ఎందరో శాస్త్రవేత్తలు వచ్చి నీళ్లు పరీక్షించారు, మట్టి పరీక్షించారు, రక్తం తీసుకెళ్లారు. కారణం ఇదీ అని ఇప్పటికీ ఎవరూ తేల్చి చెప్పలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి మొదలయ్యాయి. మంచిదే. కానీ మనిషి ఆస్పత్రి మెట్లెక్కే రోజుకి చాలావరకు ఆలస్యం అయిపోయి ఉంటుంది. కిడ్నీలు పాడవుతున్నా ఏళ్ల తరబడి నొప్పి ఉండదు, వాపు ఉండదు. తోటకి వెళ్తాడు, గెలలు దించుతాడు. ముందుగా పట్టుకోగలిగేది జ్వరానికో నడుంనొప్పికో అతను వచ్చే చిన్న క్లినిక్కే.

ఎలా పట్టుకోవాలి? రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.4 ఉందనుకోండి. అయిదేళ్లుగా 1.4 దగ్గరే నిలబడిన మనిషికి అది ఒక కబురు. పోయిన ఉగాదికి 0.9 ఉండి ఇవాళ 1.4కి వచ్చిన మనిషికి అది పూర్తిగా వేరే కబురు. అంకె ఒక్కటే, మనుషులు ఇద్దరు. కిడ్నీ వడపోత వేగం 60 కంటే తక్కువగా మూడు నెలలకు మించి ఉంటే దాన్ని దీర్ఘకాలిక జబ్బు అంటాం. అంటే ఈ జబ్బు నిర్వచనంలోనే పాత కాగితం ఉంది. పాత కాగితం లేకపోతే డాక్టరుకి జబ్బు కనపడదు.

ఆ పాత కాగితాలు ఎక్కడున్నాయో చెప్తాను. కొన్ని రేషన్ కార్డుతో, బ్యాంకు పాస్‌బుక్కుతో కలిపి పాలిథిన్ కవర్లో మడిచి ఉంటాయి. కొన్ని విశాఖపట్నం కేజీహెచ్ ఆస్పత్రి ఫైల్లో ఉంటాయి. కొన్ని బతుకుతెరువుకి వెళ్లిన భువనేశ్వర్‌లో, హైదరాబాద్‌లో, చెన్నైలో ఏదో ల్యాబు దగ్గర ఆగిపోతాయి. ఈసీజీ థర్మల్ కాగితం మీద తీస్తారు కనుక కొన్నేళ్లకు గీతలు వెలిసిపోయి తెల్లకాగితం మిగులుతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడిచెట్లు ఎలా కూలాయో అందరూ రాశారు. ఇళ్ల పైకప్పులు ఎగిరిపోయినప్పుడు ట్రంకుపెట్టెల్లో ఉన్న రిపోర్టులు తడిసి ముద్దయిపోయిన సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు. ఆ తర్వాత నెలల తరబడి మా ఓపీలో వినపడిన మాట ఒకటే: "కాయితాలన్నీ పోనాయి బాబూ."

అందుకని రికార్డులు కంప్యూటర్లోకి ఎక్కించే పని నా అంతట నేనే మొదలుపెట్టాను. పాత ఫైళ్లన్నీ కూర్చుని టైపు చేయించలేదు. అలా చేయించబోయిన డాక్టర్లు మధ్యలో విసిగి వదిలేయడం చూశాను. బీపీ, షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మళ్లీ వచ్చినప్పుడు ఒక్కొక్కరికి అరపేజీ తయారుచేశాం. అందులో రాసేవి: ఉన్న జబ్బులు, పడని మందులు, ఇప్పుడు మింగుతున్న మందులు, తేదీలతో సహా దొరికినన్ని క్రియాటినిన్ అంకెలు, ఇంట్లో ఇంకెవరికైనా కిడ్నీ జబ్బు ఉందా అన్నది. అంతే. బరువు, బీపీ బయట కూర్చునే సిస్టరమ్మ ఎక్కిస్తుంది. నేను లోపల ముఖ్యమైన నాలుగు ముక్కలు చేరుస్తాను. 1968లో లారెన్స్ వీడ్ అనే అమెరికన్ డాక్టరు, రోగి రికార్డు తేదీల చిట్టాలా కాకుండా అతని సమస్యల పట్టికలా ఉండాలని న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాశాడు. కంప్యూటర్లు గదులంత ఉండే రోజుల్లో అన్న మాట అది. నా బల్ల మీది తెరకి ఇంతకంటే మంచి సలహా నాకు దొరకలేదు.

దానివల్ల ఏం జరిగిందో కూడా చెప్పాలి. నడుంనొప్పితో వచ్చిన కూలీకి, కిడ్నీలకు చేటు చేయగల డైక్లోఫెనాక్ రాయబోతుంటే పోయిన ఏడాది క్రియాటినిన్ అంకె కళ్లముందు ఉంటుంది, చెయ్యి ఆగుతుంది. మెట్‌ఫార్మిన్ వాడుతున్న షుగరు మనిషికి కిడ్నీ వడపోత వేగం 30 కిందికి పడితే ఆ మందు ఆపాలని తెరే గుర్తుచేస్తుంది. తెరని రోగి వైపు కూడా తిప్పి పెట్టుకున్నాను. చదువురాని ముసలమ్మ కూడా గ్రాఫు చూసి "గీత పైకెళ్తోందా బాబూ?" అని అడుగుతుంది. నొప్పి ఇంజెక్షన్లు వేయించుకోవద్దని ఏళ్లుగా నోటితో చెప్పినా వినని వాళ్లు ఆ గీత చూశాక మానుకున్నారు. ఎలక్ట్రానిక్ రికార్డు మీద నాకున్న నమ్మకమంతా ఇక్కడి నుంచి వచ్చిందే.

ఇక మీ కార్యక్రమం సంగతి.

2020 ఆగస్టు 15న ప్రకటించి, ఆరు కేంద్రపాలిత ప్రాంతాల్లో పరీక్షించి, 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ని దేశమంతటికీ తెచ్చారు. మనిషికి 14 అంకెల అభా నంబరు, డాక్టర్లకు ఒక రిజిస్ట్రీ, ఆస్పత్రులకు ఒక రిజిస్ట్రీ. రికార్డులన్నీ ఢిల్లీలో ఒకచోట పోగు చేయకుండా ఎక్కడివి అక్కడే ఉంచి, రోగి ఒప్పుకుంటేనే ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్లేలా రూపొందించారు. ఈ నిర్ణయం సరైనదని మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. కేజీహెచ్‌లో తీసిన క్రియాటినిన్ సోంపేటలో నా తెర మీద కనబడాలంటే ఇంతకంటే మంచి దారి లేదు.

కానీ మీరు దేన్ని లెక్కపెడుతున్నారో చూడండి. ఎన్ని అభాలు సృష్టించాం, వాటికి ఎన్ని రికార్డులు జతచేశాం. 2023 జనవరిలో మొదలైన డిజిటల్ హెల్త్ ఇన్సెంటివ్ స్కీము కింద డబ్బులిచ్చేది కూడా జతపడిన రికార్డుల సంఖ్యను బట్టే. నేను గొలుసురాతలో రాసిన మందుల చీటీని ఫోటో తీసి పీడీఎఫ్ చేసి ఎక్కించినా అది మీ లెక్కలో ఒక రికార్డు. ఆ ఫోటోలోంచి క్రియాటినిన్ అంకె బయటికి రాదు, గీత పడదు, మందు విషయంలో హెచ్చరిక రాదు. రోగి ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన పాలిథిన్ కవరు విప్పడానికి బదులు పాతిక పీడీఎఫ్‌లు విప్పాలి. ఒక్కో రోగికి రెండు నిమిషాలు కూడా దొరకని ఓపీలో అవి ఎవరు విప్పుతారు? 2017లో బీఎంజే ఓపెన్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం అనేక దేశాల్లో ప్రాథమిక వైద్యుడు రోగితో గడిపే సమయాన్ని పోల్చి చూస్తే మన దేశంలో అది సుమారు 2 నిమిషాలని తేలింది. మీరు తెచ్చే ఏ పరికరమైనా ఆ రెండు నిమిషాల్లో ఇమడాలి. దయచేసి లెక్క మార్చండి. ఎన్ని ఎక్కించారు అని కాకుండా, ఎక్కించినదాన్ని మరుసటిసారి వైద్యం చేసేటప్పుడు ఎవరైనా తెరిచి చూశారా అని లెక్కపెట్టండి. చిన్న క్లినిక్‌కి డబ్బు ఇవ్వదలిస్తే దానికి ఇవ్వండి.

ఇది ఊహించి చెప్తున్న భయం కాదు. అమెరికాలో 2009లో హైటెక్ చట్టం తెచ్చి డాక్టర్లు కంప్యూటర్లకు మారడానికి వేల కోట్ల డాలర్లు పోశారు. డాక్టర్లు మారారు. బిల్లింగు కోసం, ఆడిటు కోసం నింపాల్సిన గడులు పెరిగాయి. 2016లో అక్కడి ఒక పరిశోధన, డాక్టరు రోగితో ముఖాముఖి గడిపే ప్రతి గంటకీ దాదాపు రెండు గంటలు తెర ముందు, బల్ల పని మీద పోతున్నాయని చూపించింది. ఆ దారిలో మమ్మల్ని నడిపించకండి.

బ్రిటన్‌లో ఇంకో తీరుగా జరిగింది. అక్కడి కుటుంబ వైద్యులు 1911 జాతీయ బీమా చట్టం తర్వాత దశాబ్దాల పాటు రోగుల కాగితాలని లాయిడ్ జార్జ్ పేరుతో పిలిచే చిన్న కవర్లలో దాచుకున్నారు. యార్క్‌షైర్‌లో ఎగ్టన్ అనే పల్లె ప్రాక్టీసు నుంచి పీటర్ సోవర్బీ, డేవిడ్ స్టేబుల్స్ అనే ఇద్దరు డాక్టర్లు తయారుచేసుకున్న ప్రోగ్రామే 1987లో ఎమిస్ సంస్థగా మారింది. దేశంలో సగానికి దగ్గరగా ప్రాక్టీసులు దాని మీద నడిచే రోజు వచ్చింది. జేమ్స్ రీడ్ అనే మరో కుటుంబ వైద్యుడు జబ్బులకీ లక్షణాలకీ కోడ్లు తయారుచేస్తే వాటినే దేశమంతా వాడుకుంది. అదే దేశంలో 2002లో ప్రభుత్వం పైనుంచి దింపిన జాతీయ ఐటీ కార్యక్రమం వందల కోట్ల పౌండ్లు మింగి 2011లో మూతపడింది. డాక్టరు రోగిని చూసే గదిలో పుట్టింది నిలబడింది, పైనుంచి దిగింది కూలింది. మీ సాఫ్ట్‌వేర్ బృందాల్లో ఓపీ చూసే కుటుంబ వైద్యులు ఎంతమంది ఉన్నారని అడిగే హక్కు మాకు ఉందనుకుంటాను.

గదిలో కూర్చుంటేనే కనపడేవి కొన్ని చెప్తాను. ఉత్తరాంధ్రలో సింహాచలం అన్న పేరు మగవాళ్లకీ ఉంటుంది, ఆడవాళ్లకీ ఉంటుంది. ఒకే వీధిలో ఒకే ఇంటిపేరుతో ముగ్గురు సింహాచలాలు దొరుకుతారు. పెద్దవాళ్లలో చాలామంది ఆధార్ మీద పుట్టినరోజు జనవరి 1 అనే ఉంటుంది, ఎందుకంటే అసలు తేదీ ఎవరికీ తెలియదు. పెళ్లయిన ఆడవాళ్లకి ఒక కార్డులో పుట్టింటి పేరు, ఇంకో కార్డులో అత్తింటి పేరు. ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కో కార్డు ఒక్కో రకం. పేరు, వయసు చూసి మీ సిస్టమ్ "ఈ రికార్డు వీళ్లదేనా" అని అడిగితే, బయట కూర్చున్న పద్దెనిమిదేళ్ల పిల్ల అవునని నొక్కేస్తుంది. పెన్సిలిన్ పడని సింహాచలం ఒకరు, రికార్డు జతపడింది ఇంకొకరికి. తండ్రి పేరో భర్త పేరో, ఊరో, ఫోటోనో ముందు కనపడకుండా ఆ బటన్ పనిచేయకూడదు.

ఫోన్ సంగతి ఇంతకంటే పెద్దది. మీ ఏర్పాటులో రోగి అనుమతి అంటే చాలావరకు ఫోన్‌కి వచ్చే ఓటీపీ. మా ఊళ్లలో చాలా ఇళ్లకి ఒకటే నంబరు. అది తరచుగా హైదరాబాద్‌లో పనిచేసే కొడుకు దగ్గర ఉంటుంది. తల్లి నా ఎదురుగా కూర్చుని ఉంటుంది, ఓటీపీ కోసం సిస్టరమ్మ కొడుక్కి ఫోన్ చేస్తుంది, అతను డ్యూటీలో ఉండి ఎత్తడు. ఇది ఆలస్యం మాత్రమే, సర్దుకోవచ్చు. ఇంకో ఇంట్లో ఆ ఒక్క నంబరు మామగారిదై, దాని మీదే కోడలి రికార్డు కూడా ఉంటే? గర్భం తీయించుకున్న సంగతి, హెచ్ఐవీ పరీక్ష, మనసు బాగోలేక వాడుతున్న మాత్రలు మామగారి ఫోన్లో మోగితే? గర్భస్రావం చేయించుకున్న స్త్రీ వివరాలు బయటపెడితే శిక్ష ఉందని 2021లో చట్టం సవరించుకున్నాం. హెచ్ఐవీ వివరాలకు 2017 చట్టం రక్షణ ఇస్తోంది. చట్టం పార్లమెంటులో ఉండి సందేశం అత్తింటి ఫోన్లో పడితే ఆ అమ్మాయికి ఏం ఒరిగింది? 2021లో కోవిడ్ టీకాల కోసం కోవిన్‌లో ఆధార్ చూపించిన లక్షలమందికి తమకి తెలియకుండానే హెల్త్ ఐడీలు పుట్టిన సంగతి జనం మరచిపోలేదు. అందుకే నేను ముందు నోటితో అడుగుతాను. వద్దన్నవాళ్లవి మా క్లినిక్ దాటవు. కొన్ని రకాల వివరాలు రోగి మళ్లీ విడిగా ఒప్పుకుంటే తప్ప ఎప్పటికీ జతపడకుండా మీ వ్యవస్థలోనే తలుపు ఉండాలి. ఫోన్ లేని మనిషి వేలిముద్రతోనో ముఖం చూపించో ఆ గదిలోనే స్వయంగా ఒప్పుకోగలగాలి, స్వయంగా వద్దనగలగాలి.

ఇప్పుడు డేటా తిరిగివ్వడం గురించి. ఇది నాకు తగిలిన దెబ్బ. మొదట్లో ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్ కొన్నాను. కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత ఏడాది చందా పెంచారు. వేరేదానికి మారతాను, నా రోగుల రికార్డులు ఇచ్చేయమన్నాను. ఇచ్చారు, ఒక్కో సందర్శనకి ఒక్కో పీడీఎఫ్ చొప్పున. ఏళ్ల క్రియాటినిన్ అంకెలన్నీ బొమ్మల్లో ఇరుక్కుపోయాయి. సిస్టరమ్మలు రాత్రుళ్లు కూర్చుని మళ్లీ టైపు చేశారు. మన దేశానికి 2013 నుంచి ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డుల ప్రమాణాలు ఉన్నాయి, 2016లో సవరించారు కూడా. జబ్బు పేర్లకి స్నోమెడ్ సీటీ, పరీక్షలకి లాయింక్ కోడ్లు వాడమని వాటిలో ఉంది. కాగితం మీద అన్నీ సక్రమమే. 2002 నాటి వైద్య నీతి నిబంధనల ప్రకారం రోగి అడిగితే 72 గంటల్లో నేను రికార్డు ఇవ్వాలి. నా చేతికే అందనిది నేనెలా ఇస్తాను? మీ దగ్గర నమోదైన ప్రతి సాఫ్ట్‌వేరూ, డాక్టరు అడిగిన వెంటనే మొత్తం రికార్డులని ఇంకో సాఫ్ట్‌వేర్ చదవగల రూపంలో ఉచితంగా తిరిగివ్వాలని షరతు పెట్టండి. ఇవ్వనివాళ్ల నమోదు తీసేయండి. చిన్న క్లినిక్‌ల కోసం ప్రభుత్వ సంస్థ సీడాక్‌తో కలిసి మీరు తెస్తున్న ఇ-సుశ్రుత్@క్లినిక్ సాఫ్ట్‌వేర్‌కి కూడా ఇదే షరతు వర్తించాలి.

ఈ ఇ-సుశ్రుత్ క్లౌడ్ మీద నడుస్తుందని విన్నప్పుడు నాకు తిత్లీ గుర్తొచ్చింది. ఆ తుపాను తర్వాత మా పల్లెలు రోజుల తరబడి కరెంటు లేకుండా, సెల్ సిగ్నల్ లేకుండా ఉన్నాయి. జనం గాయాలతో, విరేచనాలతో వచ్చింది ఆ రోజుల్లోనే. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగితే అంత పెద్ద ఆస్పత్రే సుమారు రెండు వారాలు చేతిరాత మీద నడిచింది. నెట్ లేకపోయినా నా బల్ల మీది కంప్యూటర్లో నా రోగుల అరపేజీ తెరుచుకోవాలి. నెట్ వచ్చాక అదే వెళ్లి క్లౌడ్‌లో కలవాలి. సముద్రతీరంలో పనిచేసే డాక్టరు ఇంతకంటే తక్కువకి ఒప్పుకోలేడు.

మందుల చీటీ తెలుగులో అచ్చవ్వాలన్నది చిన్న కోరికలా కనపడుతుంది గానీ కాదు. మందు పేరు ఇంగ్లీషులో ఉండనివ్వండి, మందుల షాపతను చదువుకుంటాడు. "ఉదయం టిఫిను తర్వాత ఒకటి", "వాంతులు, విరేచనాలు అయితే ఈ మందు ఆపి వెంటనే రండి" అన్నవి తెలుగులో ఉండాలి. మా సరిహద్దు ఊళ్లలో కొందరికి ఒడియాలో ఉండాలి. నేను చూసిన సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి ఇది రాదు, వచ్చినవాటిలో వత్తులు విడిపోతాయి.

చట్టం గురించి ఒక్క మాట. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. ఆ అంకె విని మా ప్రాంతంలో కొందరు డాక్టర్లు కంప్యూటరే వద్దనుకుంటున్నారు. రోగి రహస్యం కాపాడటానికి కఠినమైన చట్టం ఉండాల్సిందే, నాకు దాని మీద ఫిర్యాదు లేదు. ఒక డాక్టరు, ఒక సిస్టరు, ఒక కంప్యూటరు ఉన్న చోట ఏం చేస్తే చట్టాన్ని పాటించినట్టో మాత్రం రెండు పేజీల్లో, తెలుగులో రాసి పంపండి. పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉండాలి, బ్యాకప్ ఎక్కడ పెట్టాలి, కంప్యూటర్ దొంగతనం అయితే ఎవరికి చెప్పాలి, చనిపోయినవారి రికార్డు ఎవరికివ్వాలి. ఇవే మేం అడిగేవి.

ప్రభుత్వం దగ్గర ఉన్నది కూడా నాకు చూపించమని అడుగుతున్నాను. మా ఊళ్లలో ఏఎన్ఎంలు ఇంటింటికీ తిరిగి బీపీ, షుగరు చూసి ట్యాబుల్లో ఎక్కిస్తారు. 2023లో ఆంధ్రప్రదేశ్‌లో ఫ్యామిలీ డాక్టర్ పేరుతో పీహెచ్‌సీ డాక్టర్లు 104 వాహనంతో పల్లెలకి వెళ్లడం మొదలైంది. వాళ్లు చూసిన మనిషే మరునాడు నా దగ్గరికొస్తే ఆ అంకెలేవీ నాకు కనపడవు. మళ్లీ సూది గుచ్చుతాను, మళ్లీ డబ్బులు కట్టించుకుంటాను. ప్రైవేటు క్లినిక్కులు రికార్డులు ఎప్పుడు ఇస్తాయని మీరు అడుగుతున్నారు. రోగి ఒప్పుకున్న చోట మీ వైపు నుంచి ముందు ఇవ్వండి. పలాసలో, కవిటిలో నాలాంటి డాక్టర్లు తమంతట తామే తెర తెరుస్తారు.

మీ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లలో ఇద్దరిని ఒక వారం మా ఓపీకి పంపించండి. కూర్చోబెట్టుకునే బాధ్యత నాది. డేటా తిరిగిచ్చే షరతు, నెట్ లేకపోయినా నడిచే ఏర్పాటు, రోగి తన నోటితో వద్దనగలిగే తలుపు, ఈ మూడింటి మీద మీ సంస్థ రాతపూర్వకంగా మాటిస్తే, నా క్లినిక్‌లో అడిగి ఒప్పుకున్న ప్రతి ఒక్కరి అరపేజీనీ ఆ నెలలోనే అభాకి జతచేయడం మొదలుపెడతాను.

ఇట్లు,
ఉద్దానం నుంచి ఒక కుటుంబ వైద్యుడు